ప్రెస్సు ఉన్న గది

ఫైన్ ఆర్ట్స్‌లో చేరబోయే పిల్లల అమ్మానాన్నలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "బొమ్మలెయ్యడం మావాడికి వచ్చు కదండీ, మళ్లీ యూనివర్సిటీలో ఏం నేర్పుతారు?" నాట్యం, నాటకం వైపు వెళ్లే పిల్లల ఇళ్లలోనూ ఇదే మాట. అడగాల్సిన ప్రశ్నే. బీఎఫ్‌ఏకి నాలుగేళ్లు, ఎంఎఫ్‌ఏకి రెండేళ్లు. వయసులో మంచి కాలమంతా అందులోనే పోతుంది. నేను ప్రింట్‌మేకింగ్ చదివినదాన్ని కాబట్టి నా జవాబు ప్రెస్సు దగ్గర మొదలవుతుంది.

ప్రింట్‌మేకింగ్‌లో ఒక పద్ధతైన ఎచింగ్ పని ఇలా ఉంటుంది. జింకు రేకు మీద మైనం, తారు కలిసిన పూత వేస్తాం. ఆరాక దాని మీద సూదితో బొమ్మ గీస్తాం. పూత లేచిపోయిన చోట లోహం బయటపడుతుంది. నీళ్లు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో రేకును ఉంచితే, ఆ గీతల్ని మాత్రమే యాసిడ్ తింటుంది. లేత గీత కావాలంటే రేకును తొందరగా తీసేయాలి, చిక్కటి నలుపు కావాలంటే ఇంకాసేపు ఆగాలి. ఎంతసేపన్నది ఏ పుస్తకమూ కచ్చితంగా చెప్పలేదు. యాసిడ్ ఎంత పాతదో, ఆ రోజు ఎండ ఎలా ఉందో కూడా లెక్కలోకి వస్తాయి. గీతల వెంట లేచే బుడగల్ని చూసి పోల్చుకోవడం పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. తర్వాత పూత కడిగేసి, గీతల్లోకి ఇంకు కూరి, పైన మిగిలింది గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం పరిచి, ప్రెస్సులో రెండు ఉక్కు రోలర్ల మధ్య నుంచి లాగుతాం. సన్నటి గీతలో దాక్కున్న ఇంకును పైకి లాగాలంటే అంత బరువు పడాలి.

ఆ ప్రెస్సును కదపాలంటే నలుగురు మనుషులు కావాలి. అద్దె ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదు. యాసిడ్ పొగ బయటికి పోయే గది వేరే కావాలి. ఇంకో సంగతి, ఇంకు అంటిన చేతులతో తెల్ల కాగితం ముట్టుకోకూడదు. రేకు తుడిచేవాళ్ల పక్కన, శుభ్రమైన చేతులతో కాగితం పట్టుకునే మనిషి ఒకరుంటే పని సాగుతుంది. ఈ రోజు నేను నీ కాగితం పడతాను, రేపు నువ్వు నాది పట్టు. ఇలా ఒకరి బొమ్మ ఇంకొకరి చేతుల్లోంచి బయటికొస్తుంది. పక్కవాడి రేకు ఎందుకు మసకగా వచ్చిందో చూసినప్పుడే మన రేకు సంగతి తెలుస్తుంది. యూనివర్సిటీ నాకు ఏమిచ్చిందని అడిగితే, డిగ్రీ కంటే ముందు ఈ గదిని చెబుతాను.

చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారి జీవితం నాకు ఈ మాటకు పెద్ద సాక్ష్యం. శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ స్లేడ్ స్కూల్ మీదుగా ప్యారిస్ చేరారు. అక్కడ హేటర్ నడిపే 'అటెలియే 17' అనే ప్రింట్ స్టూడియోలో ఎన్నో దేశాల కళాకారులు ఒకే ప్రెస్సుల మీద పని చేసేవారు. రంగుకో రేకు చొప్పున అచ్చు వేసే పాత పద్ధతి పక్కన, ఒకే రేకు మీద అన్ని రంగులూ ఒక్కసారే తీసే విధానం అక్కడ రూపుదిద్దుకుంది. రేకును వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. ఇంకుల్లో నూనె పాళ్లు మారుస్తారు. గట్టి రోలరు పల్చటి ఇంకును ఎత్తైన చోట మాత్రమే పూస్తుంది, మెత్తటి రోలరు చిక్కటి ఇంకును లోతుల్లోకి దించుతుంది. నూనె తేడా వల్ల ఒకదాని మీద ఒకటి అంటుకోవు. హేటర్, అక్కడే పనిచేసిన కైకో మోతీ, కృష్ణారెడ్డి ముగ్గురి చేయీ అందులో ఉంది. ఒంటరి గదిలో ఇది పుట్టేది కాదని నా నమ్మకం. తర్వాత ఆయన న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు, 2018లో కన్నుమూసేదాకా ప్రపంచం ఆయన్ను గురువుగానే చూసింది.

లక్ష్మాగౌడ్ గారిదీ ఇలాంటి దారే. మెదక్ పల్లె నుంచి హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీకి, అక్కణ్ణుంచి బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గరికి. ఆయన ఎచింగుల్లోని మేకలు, చెట్లు, పల్లె మనుషులు ఆ చదువు తర్వాత కూడా తెలంగాణ నేల మీదే నిలబడ్డాయి. ఆయనే తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో ఇంకో తరానికి నేర్పారు. 1988లో మొదలైన ఆ స్కూల్లో చిత్రకళ, నాట్యం, రంగస్థలం ఇరుగుపొరుగుగా ఉంటాయి.

ఆ ఇరుగుపొరుగు విలువ నేను చదువుకున్న చోట కళ్లారా చూశాను. మా బ్యాచ్ అబ్బాయి ఒకడు అభయహస్తం పట్టిన నర్తకిని రేకు మీద గీశాడు. కూచిపూడి చదివే అమ్మాయి మా గదిలోకి వచ్చి, రేకును ఒక్క చూపు చూసి, "కాగితం మీదికొచ్చేసరికి ఇది ఎడమ చెయ్యి అయిపోతుంది కదా?" అంది. గురువుకు ఎదురుగా నిలబడి నేర్చుకునేవాళ్లకు కుడి ఎడమల తిరగవేత ఒంట్లోనే ఉంటుందట. వాడు ఇంకా యాసిడ్‌లో పెట్టలేదు. పూత మళ్లీ వేసి తిప్పి గీశాడు. సాయంత్రాలు థియేటర్ వాళ్ల రిహార్సల్ హాల్లో గోడవారన కూర్చుని మేం స్కెచ్‌లు వేసుకునేవాళ్లం. అలసిన మనిషి భుజం ఎలా జారుతుందో మోడల్ క్లాసులో కంటే అక్కడే బాగా తెలిసింది నాకు.

చదువు అయిపోయాక వచ్చే కష్టం గురించి మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే ప్రెస్సు దూరమవుతుంది. రంగస్థలం పిల్లలకు హాలు, తోటి నటులు, నాట్యం పిల్లలకు పాడేవాళ్లు, మృదంగం పోతాయి. నాతో చదివిన మంచి ప్రింట్‌మేకర్లలో చాలామంది ఇప్పుడు అక్రిలిక్ బొమ్మలు వేస్తున్నారు, ఇష్టం మారి కాదు. లలిత కళా అకాడమీ ఢిల్లీ గఢీలోనూ, చెన్నై ప్రాంతీయ కేంద్రంలోనూ కళాకారులు పంచుకునే స్టూడియోలు నడుపుతోంది. అలాంటివి విశాఖలో, విజయవాడలో, వరంగల్‌లో ఎందుకు ఉండకూడదు?

కొత్త భవనం కట్టేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. వేసవి సెలవుల్లో చాలా విభాగాల్లో ప్రెస్సులు కదలక పడుంటాయి. ఆ రెండు నెలలు పాత విద్యార్థులకు గది తెరవండి. జింకు రేకులు, ఇంకు, కాగితం వాళ్లే తెచ్చుకుంటారు. తాళం చెవి ఉన్న మనిషి ఒకరు ఉంటే చాలు.