బెస్ట్‌సెల్లర్ ముద్ర – గ్రంథ ఎంపిక: ఒక పరిశీలన

పుస్తకం అట్టమీద కనిపించే 'బెస్ట్‌సెల్లర్' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఈ పుస్తకం విరివిగా అమ్ముడుపోయింది అన్నది వాచ్యార్థం. కనుక ఇది చదవదగినది అన్నది వ్యంగ్యార్థం. మొదటిది సంఖ్యకు సంబంధించిన వార్త, రెండవది విలువకు సంబంధించిన తీర్పు. ప్రకాశకులు పైకి చెప్పేది మొదటిదే అయినా పాఠకుని చేత పుస్తకం కొనిపించేది రెండవది. ఈ ముద్ర గ్రంథ ఎంపికకు ప్రమాణం కాగలదా అన్న ప్రశ్నకు సమాధానం కావాలంటే ముందుగా ఆ వార్త ఎంత నిజమో, ఆ వార్త నుంచి తీర్పు ఎంతవరకు సిద్ధిస్తుందో విడివిడిగా పరిశీలించాలి.

విక్రయాల ఆధారంగా పుస్తకాలకు వరుస కట్టే పద్ధతి అమెరికాలో 1895లో 'ది బుక్‌మన్' పత్రికతో మొదలైంది. 'న్యూయార్క్ టైమ్స్' జాబితా 1931లో ప్రారంభమై, తరువాతి కాలంలో ప్రపంచవ్యాప్తంగా అట్టలపై ఎక్కువగా ఉదాహరించే జాబితాగా స్థిరపడింది. ఇది దేశంలో అమ్ముడైన ప్రతి పుస్తకాన్నీ లెక్కించి కూర్చిన పట్టిక కాదు. ఎంపిక చేసిన విక్రేతలు వారం వారం పంపే వివరాల మీద ఆధారపడి, పూర్తిగా వెల్లడించని పద్ధతిలో ఇది తయారవుతుంది. ఈ స్వభావం న్యాయస్థానంలోనే బయటపడింది. 'ది ఎగ్జార్సిస్ట్' నవలాకారుడు విలియం పీటర్ బ్లాటీ, 1983లో వెలువడిన తన 'లీజియన్' నవలకు జాబితాలో న్యాయమైన స్థానం దక్కలేదని దావా వేశాడు. జాబితా గణితపరమైన లెక్క కాదని, అది సంపాదకీయ రచన అని పత్రిక వాదించింది. 1986లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు బ్లాటీ దావాను తోసిపుచ్చింది. పాఠకుడు లెక్క అనుకొని నమ్మేదాన్ని దాని కర్తలే సంపాదకీయ నిర్ణయంగా చెప్పుకున్నారన్నది ఇక్కడ గమనార్హం.

లెక్క ఎంపికచేసిన చోట్ల నుంచి వచ్చేదైనప్పుడు దానిని ప్రభావితం చేయడం అసాధ్యం కాదు. ఒక నిర్వహణశాస్త్ర గ్రంథాన్ని జాబితాకు ఎక్కించడానికి ప్రతులను పెద్దయెత్తున కొనిపించారని 1995లో 'బిజినెస్ వీక్' పత్రిక వెల్లడించింది. 2017లో యువజన విభాగంలో ప్రథమ స్థానం పొందిన ఒక నవలను, కొనుగోళ్లపై అనుమానాలు రావడంతో టైమ్స్ స్వయంగా తొలగించింది. మూకుమ్మడి కొనుగోళ్లు ఉన్నట్లు విక్రేతలు తెలిపిన పుస్తకాల పక్కన ఆ పత్రిక ఒక గుర్తు వేస్తుంది. కాని ఆ గుర్తు జాబితాలోనే మిగిలిపోతుంది. అట్టమీదికి ఎక్కేది 'బెస్ట్‌సెల్లర్' అన్న మాట ఒక్కటే.

ఈ లోపాలేవీ లేని నిష్కళంకమైన లెక్క దొరికిందనుకున్నా కాలానికి సంబంధించిన సమస్య మిగులుతుంది. ఫ్రెంచి సాహిత్య సమాజశాస్త్రవేత్త రాబర్ట్ ఎస్కార్పిట్ విక్రయగతిని బట్టి పుస్తకాలను విభజించాడు. విడుదలైన వెంటనే జోరుగా అమ్ముడై త్వరలోనే ఆగిపోయేవి కొన్ని. నెమ్మదిగా మొదలై ఏళ్ల తరబడి నిలకడగా అమ్ముడయ్యేవి కొన్ని. ఆయన దృష్టిలో జోరుతో మొదలై నిలకడగా కొనసాగేదే నిజమైన బెస్ట్‌సెల్లర్. ఈ విభజనను అంగీకరిస్తే విడుదలైన తొలివారాల్లో ఏ పుస్తకానికీ ఆ పేరు పెట్టడం కుదరదు. వారపు జాబితా కొలిచేది వేగాన్ని మాత్రమే. వేగానికి ప్రచారం, రచయిత పూర్వఖ్యాతి, పంపిణీ బలం కారణాలు కావచ్చు. పుస్తకం లోపలి గుణం బయటపడటానికి దానిని కొన్నవారు చదవాలి, చదివినవారు ఇంకొకరికి చెప్పాలి. అందుకు వ్యవధి కావాలి.

పైగా ఈ ముద్ర విక్రయాన్ని సూచించడంతో ఆగక విక్రయాన్ని పుట్టిస్తుంది. అర్థశాస్త్రవేత్త ఆలన్ సోరెన్‌సెన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, జాబితాలో చోటు దక్కడం వల్ల సగటున అమ్మకాలు కొద్దిగానే పెరుగుతాయి. కొత్త రచయితల విషయంలో మాత్రం పెరుగుదల చెప్పుకోదగినంతగా ఉంటుంది. అంటే పాఠకుడు తనంతట తాను అంచనా వేయలేని చోటనే ముద్ర ఎక్కువగా పనిచేస్తున్నది. మార్గదర్శనం అత్యవసరమైన చోటనే పాఠకుడు బలహీనమైన ఆధారాన్ని ఆశ్రయిస్తున్నాడు.

అయితే ఇంతమాత్రాన విస్తారంగా అమ్ముడైనదంతా నాసిరకమని తేల్చడమూ పొరపాటే. 1932లో క్యూ.డి. లీవిస్ 'ఫిక్షన్ అండ్ ది రీడింగ్ పబ్లిక్' గ్రంథంలో జనాదరణను అభిరుచి పతనానికి లక్షణంగా చూపింది. తెలుగు సాహిత్యానుభవం ఈ సూత్రాన్ని సమర్థించదు. ఎక్కువగా 1930ల నాటి గీతాలతో 1950లో గ్రంథరూపం పొందిన 'మహాప్రస్థానం' విమర్శకుల గౌరవాన్నీ, తరతరాల సామాన్య పాఠకుల ఆదరణనూ కలిసి పొందింది. 1897లో తొలిసారి అచ్చయి, 1909లో సమూలంగా మార్చిన రూపంలో వెలువడిన 'కన్యాశుల్కం' నేటికీ పునర్ముద్రణలు పొందుతున్నది. జనాదరణ గుణానికి సాక్ష్యం కాదు, గుణలోపానికి కూడా సాక్ష్యం కాదు. ఎంత జనాదరణ అన్న ప్రశ్నకన్న ఎంతకాలం నిలిచిన జనాదరణ అన్న ప్రశ్న విమర్శకు ఉపకరిస్తుంది.

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి తెలుగు పాఠకునికి ఒక సాధనం చేతిలోనే ఉంది. మొదటి ముద్రణ ఎప్పుడు, ప్రస్తుతది ఎన్నవది, ప్రతులు ఎన్ని అన్న వివరాలను పుస్తకం తొలిపుటల్లో అచ్చువేయడం తెలుగు ప్రచురణలో చాలాకాలంగా ఉన్న అలవాటు. 'ప్రతులు: 1000' అన్న చిన్న పంక్తి అట్టమీది విశేషణం కన్న నిజాయితీ గలది, అది తనను తాను పొగడుకోదు. ముద్రణల మధ్య ఎడం చూస్తే పుస్తకం వేగమూ నిలకడా రెండూ అర్థమవుతాయి. అయినా దీనిని సైతం గుడ్డిగా నమ్మరాదు. పాఠ్యగ్రంథంగా నిర్ణయమైన పుస్తకం విద్యార్థుల అవసరం కొద్దీ ముద్రణలు పొందుతుంది. గ్రంథాలయాల కొనుగోలుతో చెల్లిపోయిన ముద్రణ పాఠకుల కోరికను సూచించకపోవచ్చు. డిజిటల్ ముద్రణ వచ్చాక కొద్ది ప్రతులతోనే ఒక ముద్రణ ముగించే వీలు కలిగింది. అందువల్ల ప్రతుల సంఖ్య చెప్పని 'ఐదవ ముద్రణ' అన్న మాటకూ బెస్ట్‌సెల్లర్ ముద్రకూ పెద్ద తేడా లేదు. సంఖ్య, కాలం, కారణం మూడూ కలిపి చదివినప్పుడే ఆ పుట సాక్ష్యమవుతుంది.

ఈ పరిశీలన వల్ల తేలేది ఒకటి. బెస్ట్‌సెల్లర్ ముద్ర ఒక పుస్తకం గురించి నలుగురూ మాట్లాడుకుంటున్నారని తెలుపగలదు. సమకాలీన సంభాషణలో పాలుపంచుకోదలచిన పాఠకునికి ఆ సమాచారం నిరర్థకం కాదు. ఆ పుస్తకం ఎందుకు చదవాలో మాత్రం అది చెప్పలేదు. ఆ పని విమర్శది. పత్రికలలో గ్రంథసమీక్షకు చోటు తగ్గే కొద్దీ, సమీక్ష పరిచయానికీ ప్రశంసకూ పరిమితమయ్యే కొద్దీ, ఖాళీ అయిన ఆ స్థానాన్ని అట్టమీది ముద్ర ఆక్రమిస్తుంది. కనుక ఈ ముద్ర ప్రాబల్యాన్ని పాఠకుల అమాయకత్వంగా కన్న విమర్శ వదులుకున్న బాధ్యతగా గుర్తించడం సమంజసం.