టీ బ్రేక్‌కే టికెట్టు

డిజైన్ టీమ్ ఉన్న ప్రతి ఆఫీసులోనూ ఏడాదికోసారి ఈ పంచాయితీ తప్పదు. ఎవరో ఒకరు బెంగళూరులో జరిగే సదస్సుకు వెళ్తానంటారు. టికెట్టు, రైలు ఛార్జీ, రెండు రాత్రుల బస లెక్క వేసి మెయిల్ పెడతారు. పైనున్నాయన జవాబు ఎప్పుడూ ఒకటే: ‘‘ఆ ప్రసంగాలన్నీ నెల తిరక్కుండా యూట్యూబ్‌లో పెడతారుగా, తీరిగ్గా చూసుకో.’’

ఆయన్ను తప్పుపట్టడానికి లేదు. ప్రసంగాలు వినడానికే అయితే నిజంగానే వెళ్లక్కర్లేదు. ఇంట్లో కూర్చుని వేగం పెంచుకుని వినొచ్చు, అర్థంకాని చోట వెనక్కి తిప్పుకోవచ్చు. తెర మీది కోడ్ కనపడక ముందువాడి తల పక్కనుంచి మెడ సాచే అవస్థ ఉండదు. వెబ్ డిజైనర్ సదస్సుకు వెళ్లాల్సింది వేరే పని మీద. ఇంకా ఎవరూ రాయని సంగతులు, పూర్తిగా ఉడకని ఆలోచనలు, తేలని తగవులు దొరికేది అక్కడ.

మా వృత్తికి పునాది పడిందే అలాంటి చోట. వెబ్ మీద మొట్టమొదటి అంతర్జాతీయ సదస్సు 1994 మేలో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో జరిగింది. అప్పటికి పేజీ ఏ రంగులో ఉండాలి, అక్షరం ఎంత లావుండాలి అన్నది రాసినవాడి చేతిలో పెద్దగా లేదు. అదంతా బ్రౌజర్ చిత్తం. ఆ అక్టోబర్‌లో హోకన్ వియుమ్ లీ అనే నార్వే యువకుడు పేజీ రూపాన్ని విడిగా రాసిపెట్టే స్టైల్ షీట్ల ప్రతిపాదన ఒకటి రాసి, షికాగోలో జరిగిన రెండో సదస్సులో జనం ముందు పెట్టాడు. పేజీ రూపం మీద పెత్తనం రాసేవాడిదా, చదివేవాడిదా అని అక్కడ పెద్ద వాదనే నడిచింది. నెదర్లాండ్స్‌లో బెర్ట్ బోస్ తన బ్రౌజర్ కోసం అప్పటికే అలాంటిదే ఒకటి తయారు చేసుకుంటున్నాడు. ఇద్దరూ మెయిళ్లలో తెగ వాదించుకున్నారు. చివరికి 1995 ఏప్రిల్‌లో, జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో జరిగిన మూడో సదస్సులో మొదటిసారి ఎదురెదురుగా కలిశారు. ఎవరి బ్రౌజర్‌లో ఎవరు ఎంతవరకు చేశారో చూపించుకున్నారు. ఆ స్టైల్ షీట్ల భాషే సీఎస్ఎస్. 1996 డిసెంబర్‌లో దాని మొదటి వెర్షన్ అధికారికంగా బయటికొచ్చింది. ఇవాళ మనం తెరిచే ప్రతి పేజీకీ ఒంటి మీద బట్ట అదే.

ఆ సదస్సుల వరసలో ఇరవయ్యోది మన హైదరాబాద్‌లోనే, 2011 మార్చి చివరి వారంలో, హెచ్ఐసీసీ సమావేశ కేంద్రంలో జరిగింది. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ వచ్చి మాట్లాడారు. అది ప్రధానంగా పరిశోధకుల సదస్సు, డిజైనర్లకు పనికొచ్చేది తక్కువ. పైగా మధ్యలో మార్చి 30న మొహాలీలో ఇండియా పాకిస్తాన్ ప్రపంచకప్ క్రికెట్ సెమీఫైనల్! ఆ మధ్యాహ్నం పేపర్లు చదివినవాళ్ల సహనానికి దండం పెట్టాలి.

డిజైనర్ల విషయానికొస్తే, నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది సియాటిల్ ఉదంతం. 2007లో ఐఫోన్ వచ్చాక క్లయింట్లందరిదీ ఒకటే పాట, ఫోన్‌కు వేరే సైట్ కావాలని. ‘ఎం డాట్’తో మొదలయ్యే అడ్రస్ పెట్టి రెండో సైట్ కట్టేవాళ్లం. అసలు సైట్‌లో ఒక ధర మారితే రెండోదాంట్లో మార్చడం మర్చిపోయేవాళ్లు. 2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ వచ్చింది. ఇక మూడోది కూడా కట్టాలా అని తలపట్టుకున్న రోజులవి. సరిగ్గా ఆ నెలలోనే సియాటిల్‌లో, ఎరిక్ మేయర్, జెఫ్రీ జెల్డ్‌మన్ నడిపిన ‘యాన్ ఈవెంట్ అపార్ట్’ సదస్సులో ఈథన్ మార్కోట్ అనే డిజైనర్ ఒకే పేజీ ఏ తెరకైనా సర్దుకుపోయే దారి చూపించాడు. కొలతలు పిక్సెళ్లలో కాకుండా శాతాల్లో ఇవ్వడం, బొమ్మ తన గడి దాటకుండా కట్టడి చేయడం, తెర వెడల్పును బట్టి అమరిక మార్చే మీడియా క్వెరీలు. మూడూ అప్పటికే ఉన్నవే, ఆయన ముడివేశాడు. మే 25న ‘ఎ లిస్ట్ అపార్ట్’ పత్రికలో ఆయన వ్యాసం వచ్చాకే ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అన్న మాట ఊరూవాడా పాకింది.

నెల ముందు తెలిస్తే ఏమొచ్చిందని అడగొచ్చు. వ్యాసం రాసేటప్పుడు ఎవరైనా తప్పటడుగులు చెరిపేసి, తిన్నని దారి ఒక్కటే ఉంచుతారు. మాట్లాడేవాడి దగ్గర ఆ అడుగులన్నీ ఇంకా పచ్చిగానే ఉంటాయి. ‘‘మీ క్లయింట్ ఒప్పుకున్నాడా? పాత ఫోన్లలో ఏమైంది?’’ అని అడిగితే బయటికొస్తాయి. పనిచేసేవాడికి కావాల్సింది అదే. పేజీని అడ్డం, నిలువు గడుల్లో అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ సంగతీ అంతే. రేచల్ ఆండ్రూ, జెన్ సిమన్స్ లాంటి వెబ్ నిపుణులు అది ఇంకా బ్రౌజర్లలోకి రాకముందే వేదికల మీద చెప్తూ వచ్చారు. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ ఒకే నెలలో దాన్ని విడుదల చేసేసరికి, విన్నవాళ్లు సిద్ధంగా ఉన్నారు. దేని కోసం ఆగాలి, ఏ హడావుడిని పట్టించుకోకూడదు అన్న అంచనా కూడా ఇలాంటి చోటే అబ్బుతుంది.

ఇక టీ బ్రేక్ దగ్గరికి వద్దాం. ఆ మధ్య ఒక సదస్సులో టీ కప్పు పట్టుకుని నిలబడి ఉంటే ఓ కుర్రాడు వచ్చి, ‘‘అన్నా, ఇది చూడు’’ అని ఫోన్ చేతికిచ్చాడు. వాళ్ల కంపెనీ తెలుగులో పెట్టిన బిల్లుల పేజీ అది. పచ్చ బటన్ మీద ‘చెల్లించు’ అని ఉండాలి. లవత్తు కింద కోసుకుపోయి ‘చెలించు’ అని ఉంది. ఇంగ్లిష్‌లో బ్రహ్మాండంగా ఉన్న బటనే. ఇంగ్లిష్ అక్షరాల్లో గీత కిందికి దిగేవి జీ, వై లాంటి నాలుగైదు తోకలు. మనకు ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ రాస్తే వత్తు కింద వత్తు. నలభై పిక్సెళ్ల ఎత్తు ఖాయం చేసి, పొంగింది కనపడకుండా దాచెయ్యమని కోడ్ రాస్తే ముందు తెగేది వత్తే.

పక్కనున్న కన్నడ అమ్మాయి తొంగిచూసి, మాకూ ఇదే తంటా అంది. చెన్నై నుంచి వచ్చినాయన తమిళంలో వత్తుల బాధ లేదుగానీ మాట పొడుగై బటన్‌లో రెండు వరసలవుతుందన్నాడు. ఫాంట్ల పని తెలిసిన ఒకాయన అసలు కిటుకు విప్పాడు. మీరు ఎంచుకున్న ఫాంట్ దిగేలోపు ఫోన్‌లో ఉన్న ఫాంట్ కనపడుతుంది, రెండింటి ఎత్తు పల్లాలు ఒకటి కావు, మీ కంప్యూటర్‌లో బాగున్నది నెట్ నెమ్మదిగా ఉన్న ఊళ్లో తెగిపోవడానికి కారణం అదే అని. టిష్యూ పేపర్ మీద రాసుకున్నాం: ఎత్తు ఖాయం చెయ్యొద్దు, కనీస ఎత్తు ఇచ్చి పైనా కిందా జాగా వదలాలి, లైన్ ఎత్తు 1.2 సరిపోదు, 1.6 దాకా వెళ్లాలి. అక్షరాల మధ్య ఎడం పెంచే సోకు మన లిపులకు వద్దు. ఆ రోజు కార్యక్రమ పట్టికలో ఇందులో ఒక్క ముక్కా లేదు. గంట కొట్టారు, అందరం లోపలికి పోయి కృత్రిమ మేధ మీద ప్రసంగం విన్నాం. అదేం చెప్పారో ఇప్పుడు నాకు గుర్తులేదు.

వీడియోలో ఎన్నటికీ రాని ఇంకో విషయం డబ్బు. గుంటూరులోనో వరంగల్‌లోనో ఇంట్లో ఒంటరిగా పనిచేసుకునే డిజైనర్‌కు తన రేటు తక్కువో ఎక్కువో చెప్పే దిక్కుండదు. అడ్వాన్స్ ఎంత అడగాలి, ఎన్నిసార్లు మార్పులు చేసిపెట్టాక అదనంగా వసూలు చేయాలి, ఫొటోలు, రాత ఇవ్వకుండా నెలలు నానబెట్టే క్లయింట్‌తో ఒప్పందంలో ఏం రాయించుకోవాలి? వేదిక మీద ఎవరూ చెప్పరు. భోజనాల క్యూలో ప్లేటు పట్టుకుని నిలబడ్డప్పుడు మాత్రం మొహమాటం లేకుండా చెప్తారు. టికెట్టు ఖరీదు ఆ ఒక్క సంభాషణతో తిరిగొచ్చినవాళ్లు నాకు తెలుసు.

అన్ని సదస్సులూ ఇలాగే ఉంటాయని చెప్పను. కీనోట్ పేరుతో స్పాన్సర్ తన సరుకు అమ్ముకునే వేదికలు మన దగ్గర బోలెడు. ఐదుగురిని వరసగా కూర్చోబెట్టి, తలా ఆరు నిమిషాలు ‘యూజరే దేవుడు’ అనిపించి పంపించే చర్చలు అంతకన్నా ఎక్కువ. మెడలో ట్యాగ్‌తో ఫొటో దిగి లింక్డ్ఇన్‌లో పెట్టి, మధ్యాహ్నానికి జారుకునేవాళ్లూ ఉన్నారు. ఇందుకు భిన్నంగా, బెంగళూరులో హాస్‌గీక్ సంస్థవాళ్లు మెటా రిఫ్రెష్, జేఎస్‌ఫూ లాంటి సదస్సులు పెట్టినప్పుడు ఎవరేం మాట్లాడతామంటున్నారో ముందే అందరికీ కనపడేలా ఉంచేవారు. అలాంటి పద్ధతి ఉన్నచోట సరుకు అమ్మేవాడి ఆటలు సాగవు. ఖర్చూ చిన్నది కాదు. అమెరికాలో ‘యాన్ ఈవెంట్ అపార్ట్’ టికెట్టు వెయ్యి డాలర్ల పైమాటే ఉండేది, 2005లో ఫిలడెల్ఫియాలో మొదలై అంత పేరు తెచ్చుకున్న ఆ సదస్సే కోవిడ్ దెబ్బకు కోలుకోలేక మూతపడింది.

కాబట్టి కంపెనీవాళ్లకు ఒక మాట. ఇద్దరిని పంపే బడ్జెట్ ఉంటే ఇద్దరూ మేనేజర్లు కాకుండా చూడండి. బటన్ గీసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు వెళ్లాలి. తిరిగొచ్చాక స్లైడ్లు అడక్కండి, ఎవరితో ఏం మాట్లాడారో అడగండి. సదస్సులు పెట్టేవాళ్లకు ఇంకో మనవి. హైదరాబాద్‌లో రెండ్రోజుల కార్యక్రమం వేసినప్పుడు తెలుగు అక్షరం తెర మీద ఎందుకు తెగుతోందో మాట్లాడుకోవడానికి ఒక్క గంట కేటాయించండి. వక్త దొరక్కపోయినా ఫర్వాలేదు. ఒక గది, ఒక తెల్ల బోర్డు, ఫ్లాస్కు నిండా టీ ఇవ్వండి చాలు.