చెయ్యి పెట్టి చూసినందుకు

చంద్రపూర్‌లో కారున్నవాళ్లకు ఎండాకాలం ఖర్చులు రెండు ముందే తెలుసు: ఏసీ గ్యాసు, బ్యాటరీ. మూడోది చెప్పకుండా వస్తుంది. సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగి ఉంటే స్టీరింగు చేతిలో వణుకుతుంది. డాష్‌బోర్డు గలగలమంటుంది. రివర్స్ గేరు వెయ్యగానే ముందువైపు ఎక్కడో ధబ్బుమంటుంది. ఇంజన్ బోరుకొచ్చిందేమోనని గుండె జారుతుంది. చాలాసార్లు అరిగిపోయేది ఇంజన్ కాదు, దాన్ని మోసే మౌంటింగు రబ్బరు.

చిన్న కార్లలో ఇవి మామూలుగా మూడో నాలుగో ఉంటాయి. ఒకటి గేర్‌బాక్సు వైపు, ఒకటి దానికి ఎదురువైపు, ఇంకొకటి ఇంజన్ ముందుకూ వెనక్కీ ఊగకుండా కింద పట్టుకునేది. ఇంజన్ బరువు మొయ్యాలి, దాని వణుకు బాడీకి తగలనివ్వకూడదు, యాక్సిలరేటరు తొక్కినప్పుడు మెలితిరిగే ఇంజన్‌ను అదుపులో ఉంచాలి. వణుకు మింగాలంటే రబ్బరు మెత్తగా ఉండాలి, మెలికను ఆపాలంటే గట్టిగా ఉండాలి. ఈ రెండింటికీ రాజీ కుదర్చడమే మౌంటింగు విద్య. 1931లో అమెరికాలో ప్లిమత్ కారు నాలుగు సిలిండర్ల ఇంజన్‌ను ఇలా రబ్బరు మీద నిలబెట్టి, ‘ఫ్లోటింగ్ పవర్’ అని పేరుపెట్టి అమ్ముకుంది. ఫ్రాన్సులో సిట్రోయెన్ ఆ పద్ధతిని లైసెన్సుకు కొనుక్కుంది. మన దేశంలో 1983 నాటి మారుతి 800 నుంచి మూడు సిలిండర్ల ఇంజన్లు చాలామంది ఇళ్లకు చేరాయి. మూడు సిలిండర్ల ఇంజన్‌కు రెండు చివరలా ఊగే గుణం పుట్టుకతోనే ఉంటుంది. ఆ ఊపునంతా కాచేది రబ్బరే.

ఆ రబ్బరుకు మా ఊరు పడదు. మే నెలలో 46, 47 డిగ్రీలు మాకు మామూలు. బోనెట్ కింద ఇంకెంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. వేడి పది డిగ్రీలు పెరిగితే రబ్బరు ముసలితనం దాదాపు రెండింతల వేగంతో వస్తుందని ఇంజనీర్ల మోటు లెక్క. దానికి తోడు ఘుగ్గుస్, బల్లార్‌పూర్, రాజురా దారుల్లో బొగ్గు లారీలూ సిమెంటు లారీలూ చేసిన గుంతలు. పైనుంచి ఇంజన్ ఆయిల్ కారుతుంటే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

అయితే వణికిన ప్రతి బండికీ మౌంటింగే జబ్బు కాదు. స్పార్క్ ప్లగ్గు చెడినా, థ్రాటిల్ బాడీ మురికిపట్టినా ఇదే వణుకు. ఇక్కడే పనితనం బయటపడుతుంది. నేను వెళ్లే షెడ్డులో మెకానిక్ మాతో తెలుగు, పక్క బండివాళ్లతో మరాఠీ మాట్లాడుతూనే బోనెట్ మీద చెయ్యి ఆనించి వింటాడు. కుర్రాణ్ణి లోపల కూర్చోబెట్టి, బ్రేకు గట్టిగా తొక్కించి, మొదటి గేరులో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి క్లచ్ కొంచెం వదలమంటాడు. తను మాత్రం బండికి ఎదురుగా కాక పక్కన నిలబడి ఇంజన్ ఎంత లేస్తోందో చూస్తాడు. తర్వాత కింద జాకీ పెట్టి, మధ్యలో చెక్కముక్క వేసి, ఇంజన్‌ను కాస్త ఎత్తుతాడు. వణుకు తగ్గితే తీర్పు వచ్చినట్టే. “రబ్బరు కూసున్నది సార్, ఇంజన్ సక్కగనే ఉంది.”

బిగించడంలోనూ కిటుకుంది. కొత్తది పెట్టి బోల్టులు ముందే బిర్రుగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, త్వరగా చీలుతుంది. వదులుగా ఎక్కించి, ఇంజన్ తన బరువుతో తాను కుదురుకున్నాకే ఆఖరి బిగింపు ఇవ్వాలి.

ఇక ఖర్చు. చిన్న పెట్రోలు కారుకు ఒక్కో మౌంటింగు సుమారు వెయ్యి నుంచి రెండున్నర వేలు. లోపల ద్రవం నింపిన రకమైతే రెండు మూడింతలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కాబట్టి, పన్ను కాక 1,500 రూపాయలుండే సరుకు మీద 150 మిగులుతుంది. సగం ధరకే దొరికే నాసిరకం తెస్తే ఆ గట్టి రబ్బరు వణుకును నేరుగా సీటుకే చేరుస్తుంది. అసలు మార్చకుండా నెట్టుకొస్తే ఒకటి మొయ్యాల్సిన బరువు మిగతావాటి మీద పడి అవీ పోతాయి. ఊగే ఇంజన్ సైలెన్సర్ పైపునూ హోస్ పైపులనూ లాగి చీలుస్తుంది. వేలల్లో తీరేది పదివేలు దాటుతుంది.

ఈ బిల్లులో నాకు నచ్చని గీత ఒక్కటే. డబ్బా మీద ముద్రించిన ధర మారుమాట లేకుండా కట్టేస్తాం. ఇంజన్ విప్పే పని తప్పించిన ఆ పావుగంట పరీక్షకు మాత్రం బిల్లులో చోటే ఉండదు, కూలి దగ్గరేమో మూడొందలు తగ్గించమంటాం. చూడ్డానికి డబ్బులు రాకపోతే మెకానిక్ చూడడం మానేసి మార్చడమే నేర్చుకుంటాడు. అప్పుడు ఒకటి చెడితే మూడూ మార్పిస్తాడు, తప్పు పట్టలేం.

కాబట్టి బండి వణికితే ముందు పరీక్ష చెయ్యమనండి, లేస్తున్న ఇంజన్‌ను మీ కళ్లతో చూడండి, తీసేసిన మౌంటింగు చేతిలోకి తీసుకుని చీలిక ఎక్కడుందో చూపించమనండి. చూసినందుకు విడిగా ఎంత అని అడిగి, బేరం చెయ్యకుండా ఇవ్వండి.