మ్యాచింగ్ మీద మళ్లీ ఓ పేచీ

ఈ కాలమ్ చదివేవాళ్లకు మ్యాచింగ్ అంటే నాకెంత మంటో తెలుసు. మొన్న సంగారెడ్డిలో ఒక పెళ్లికి పోతే ఆడపెళ్లివారందరిదీ ఒకటే రంగు, చంటిపిల్లల రిబ్బన్లతో సహా! ఇంటికొచ్చి ఆ కసితో ఒక చిన్న బొంత మొదలుపెట్టాను.

పసిపిల్లల కింద పరిచేంత బొంత. పాత నూలు చీర నాలుగు పొరలు, పైన రంగు ముక్కలు. పెద్ద బొంతలో రంగులు చెడితే నెలల కష్టం పోతుంది. ఇందులో పోయేది పాత చీర చెంగే. ముక్కలకు పటాన్‌చెరులో కొదవ లేదు. మిషన్లు తుడవడానికి ఫ్యాక్టరీలు కిలోల లెక్కన కొనే రంగు బనియన్ వేస్ట్ ఉంది కదా, అదే. ఏ కిలోలో ఏ రంగులొస్తాయో చెప్పలేం. కాకపోతే బనియన్ గుడ్డ సాగుతుంది. కింద చీర ముక్క పెట్టి కచ్చా కుట్లు వేయకపోతే అంచులు వంకర పోతాయి.

మా మేనత్త బొంతలు కుట్టేది. నేను మెరూన్ పక్కన నేవీ బ్లూ పెడితే "రెండూ సచ్చిపోతయ్ బిడ్డా, నడుమ ఇంత పసుపు పెట్టు" అనేది. పెట్టగానే రెండూ లేచి కూర్చునేవి. పారిస్‌లో గోడ తెరలు నేసే గోబెలిన్స్ సంస్థలో అద్దకం విభాగం పెద్ద షెవ్రూల్, పక్క రంగును బట్టి రంగు ఇలా మారి కనబడటం మీద 1839లో లావుపాటి పుస్తకమే వేశాడు. నల్లరంగు తేలిపోతోందని ఫిర్యాదులొస్తే, అద్దకంలో లోపం లేదు, పక్కనున్న నీలం, ఊదా వల్ల అలా కనబడుతోందని తేల్చాడు. మా అత్తకు ఆయనెవరో తెలియదు. ఆమె ఒక్క రంగును కూడా విడిగా చేతిలో పట్టుకుని ఎంచడం నేను చూడలేదు.

బొంతకు అంచు గుడ్డ కావాల్సొచ్చి చివరికి మ్యాచింగ్ సెంటర్‌కే పోయాను. నేనడిగిన నారింజ రంగు గుడ్డను అక్కడి కుర్రాడు ఇవ్వలేదు. బొంత కౌంటర్ మీద పరిచి, తాను తర్వాత తాను ఆనించి చూశాడు. "లైట్ల కింద తెలవదమ్మా, బయటికి రాండ్రి" అని రోడ్డు మీదికి తీసుకుపోయాడు. లోపల ఆకుపచ్చగా ఉన్న గుడ్డ ఎండలో నీలం కొట్టింది. అంచుకు అదే కుదిరింది.

అత్త చేసిన పనే అతను పొద్దంతా చేస్తున్నాడు. ఊరందరికీ ఒకే రంగు కట్టించే సరదా కొనేవాళ్లది, అతనిది కాదు. ఈసారి గుడ్డ కొనేటప్పుడు ట్యూబ్‌లైట్ కింద చూసి బిల్లు కట్టకండి. జత వేయాల్సిన చీర వెంట తీసుకెళ్లి, రెండూ పట్టుకుని దుకాణం బయట నిలబడి చూడండి.