క్వాంటమ్ ‘క్లిష్టత’: ఆలంకారిక పరిభాష – విశ్వవిజ్ఞాన అన్వయం

వ్యాససంగ్రహం: భౌతికశాస్త్రంలోని ‘కాంప్లెక్సిటీ’ భావనకు తెలుగులో ‘సంక్లిష్టత’ అనే పదం వాడుకలో ఉంది. ఆ పదం చాలదనీ, అలంకారశాస్త్రంలోని ‘క్లిష్టం’ అనే దోషలక్షణం ఈ భావనకు మరింత సన్నిహితమనీ నిరూపించడం, ఆ సాదృశ్యం ఎంతవరకు నిలుస్తుందో విస్తరించే విశ్వం ఆధారంగా పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్లిష్టత, హోలోగ్రఫీ, దిగంతం, పరిభాషాకల్పన, కావ్యదోషం.

1. సమస్య

ఆంగ్లంలోని ‘కాంప్లెక్స్’ శబ్దానికి తెలుగులో ఒకే అనువాదం లేదు. గణితపాఠ్యపుస్తకాలు ‘సంకీర్ణ సంఖ్య’ అన్నాయి. ఇతరత్ర ‘సంక్లిష్టం’ స్థిరపడింది. సంక్లిష్టత అనగానే అనేకాంశాలు పెనవేసుకొన్న స్థితి స్ఫురిస్తుంది. క్వాంటమ్ గణనలో ఉద్దేశించిన అర్థం వేరు. సరళమైన ఆరంభస్థితి నుంచి గమ్యస్థితిని చేరడానికి అవసరమైన ప్రాథమిక క్రియల కనిష్ఠసంఖ్యే అక్కడి కొలత. అంటే అది చిక్కుదనం కాదు, దూరం.

2. ఆలంకారికుల క్లిష్టం

మమ్మటుడు కావ్యప్రకాశంలో పరిగణించిన దోషాల్లో క్లిష్టం ఒకటి. అర్థప్రతీతి వ్యవధానంతో కలగడం దాని లక్షణం. కలువలను సూటిగా పేర్కొనక, అత్రిముని నేత్రం నుంచి జనించిన జ్యోతి, ఆ జ్యోతి ఉదయం, ఆ ఉదయంతో వికసించేవి అని చుట్టు తిప్పడం అక్కడి ఉదాహరణ సారాంశం. అందులో పదాలు కఠినమైనవి కావు, మెట్లు ఎక్కువ. కనుక క్లిష్టం పదగతమైన కాఠిన్యం కాదు, పాఠకుడు నడవవలసిన దూరం. క్వాంటమ్ భావనతో దీని సామ్యం ఇక్కడే ఉంది.

3. కొలతగా ఘనపరిమాణం

హోలోగ్రఫీ సూత్రం ప్రకారం ఒక ప్రదేశంలోని భౌతికసమాచారమంతా దాని సరిహద్దుపై వర్ణితమవుతుంది. 1997లో మాల్డసేనా యాంటి డి సిట్టర్ విశ్వంలో దీనికి నిర్దిష్టరూపమిచ్చాడు. కృష్ణబిలం ఉష్ణసమతాస్థితికి చేరిన తరువాత కూడా దాని అంతర్భాగం పెరుగుతూనే ఉంటుంది. ఎంట్రోపీ ఈ పెరుగుదలను వివరించలేదు. అందువల్ల ఆ ఘనపరిమాణమే సరిహద్దు స్థితి క్లిష్టతకు ప్రతిరూపమని 2014లో సస్కిండ్ ప్రతిపాదించాడు.

4. దిగంతం సమస్య

విస్తరించే డి సిట్టర్ విశ్వంలో అటువంటి స్థిరమైన సరిహద్దు లేదు. ఉన్నది పరిశీలకుణ్ణి బట్టి మారే దిగంతం. కొల్లేటికోటలో నిలిచినవానికి కనిపించే నీటి అంచు వేరు, ఆటపాకలో నిలిచినవానికి కనిపించే అంచు వేరు. ఎవరి దిగంతానికి వారే కేంద్రం. అయితే ఈ ఉపమానానికి ఒక హద్దు ఉంది. కొల్లేటిలో దోనె ఎక్కి ఆ అంచు దాటి తిరిగి రావచ్చు. విశ్వదిగంతం దాటినవారు తిరిగి రాలేరు, ఆవలి వెలుగూ ఈవలికి చేరదు.

ఆ దిగంతానికి సమీపంలోని ఊహాతలాన్ని ఆధారంగా తీసుకొని జోర్‌స్టాడ్, మయర్స్, రువాన్ 2022లో గణించినప్పుడు, క్లిష్టత పరిమితకాలంలోనే అనంతమైంది. 2023లో అగిలార్ గుటియెరెస్, హెలర్, వాన్ డెర్ షూరెన్ మరొక రకం కొలతలు స్వీకరిస్తే పెరుగుదల నిరంతరం సాగగలదని చూపారు. కనుక అనంతత విశ్వానిదా, కొలబద్దదా అన్నది ఇంకా తేలని ప్రశ్న.

5. సాదృశ్యం హద్దు

ఆలంకారికులకూ ఈ ప్రశ్న తెలియనిది కాదు. ప్రహేళికలో క్లిష్టత దోషం కాదు, అక్కడ అది ప్రయోజనమే. ఆరంభస్థానం, అనుమతించిన మెట్లు మారితే దూరం మారుతుంది. అయితే కావ్యంలో ఆరంభస్థానం సహృదయుని సంస్కారం, దానిని అంకెల్లో నిర్ణయించలేము. క్వాంటమ్ సిద్ధాంతంలో ఆరంభస్థితిని, అనుమతించిన క్రియలను, సహించే లోపాన్ని ముందే ప్రకటించాలి. పైగా క్లిష్టదోషం కవి నడిపించిన దారి పొడవును చెబుతుంది. క్వాంటమ్ క్లిష్టత దారులన్నింటిలో అతిచిన్నదాని పొడవు. కలువకు ‘కలువ’ అనే ఒక్క పదం ఉండగా మమ్మటుని ఉదాహరణ దోషమైంది. దగ్గరిదారి లేనే లేదని నిరూపించినప్పుడే భౌతికశాస్త్రజ్ఞుడు క్లిష్టతను అంగీకరిస్తాడు.

ముగింపు

‘క్వాంటమ్ క్లిష్టత’ అనే పదబంధం ‘సంక్లిష్టత’ కంటే అర్థవంతం. కానీ దానితోపాటు ‘కనిష్ఠ’ విశేషణాన్ని నిర్వచనంలో చేర్చక తప్పదు. శాస్త్రపదాలను ధ్వనిసామ్యంతో కాక లక్షణసామ్యంతో ఎంచుకొన్నప్పుడే తెలుగు పరిభాష బోధనకు ఉపకరిస్తుంది. ఆ లక్షణాలను పరీక్షించే సాధనసంపత్తి అలంకారశాస్త్రం చదివిన తెలుగు పరిశోధకుల వద్ద ఇప్పటికే ఉంది.