తలుపు తీసి ఉన్న పాత ఇల్లు

దీపావళి సెలవుల్లో మా బాపు నన్నూ తమ్ముణ్ణీ భయ్యా చౌక్ వైపున్న డాక్టర్ కోట్నిస్ స్మారకానికి తీసుకెళ్ళాడు. ద్వారకానాథ్ కోట్నిస్ 1910లో మన షోలాపూర్‌లోనే పుట్టాడు. 1938లో యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు వైద్యం చేయడానికి చైనా వెళ్ళిన ఐదుగురు డాక్టర్లలో ఆయనొకడు. 1942లో అక్కడే చనిపోయాడు, వయసు 32 ఏళ్ళు. ఆయన పుట్టిన ఇంటిని కూలిపోనివ్వకుండా బాగుచేసి స్మారకంగా నిలబెట్టారు. చాలా మంచి పని, అందులో అనుమానం లేదు.

కానీ బయటికి వచ్చాక తమ్ముడు, "అక్కా, మళ్ళీ ఎప్పుడొద్దాం?" అని అడిగితే నాకు జవాబు తోచలేదు. ఒకసారి చూశాం కదా, మళ్ళీ ఎందుకు రావాలి? అప్పటినుంచే ఈ వ్యాసం నా తలలో తిరుగుతోంది.

మన ఊళ్ళో పాత కట్టడం బాగా బతికింది అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇంద్రభువనం. అప్పాసాహెబ్ వారద్ గారు కట్టించుకున్న మేడ అది. ఇప్పుడు మహానగరపాలిక ఆఫీసు. రాతి చెక్కడాలు చూడాలని ఎవరూ ప్రత్యేకంగా పోరు, ఏదో కాగితం పని మీద పోతారు. పోయినవాళ్ళు తలెత్తి ఒకసారి చూస్తారు. అది చాలదా? హైదరాబాదులో 1935 నాటి మొజంజాహి మార్కెట్‌ను బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు. అక్కడ ఇప్పటికీ జనం ఐస్‌క్రీమ్ తింటారు, పండ్లు కొంటారు. పని ఉన్న ఇంటికి బూజు పట్టదని మా అవ్వ అంటుంది.

ఇక్కడే నాకొక అభ్యంతరం ఉంది. కాపాడాలి అనగానే మన పెద్దలకు గుర్తొచ్చేవి షావుకార్ల మేడలు, కోటలు, గొప్పవాళ్ళ ఇళ్ళు. నేతపనివాళ్ళ కట్టడాల సంగతేమిటి? 1877లో మొదలైన మిల్లులో మా ముత్తాత పనిచేశాడు. మా తాత చిన్నప్పుడు భోంగా మోగగానే సద్ది పట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తేవాడట. ఈరోజు 'జూనీ మిల్లు' అంటే మాకు ఆ జాగా పేరే, రిక్షావాడికి చెప్పే గుర్తు. షోలాపూర్ చాదర్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని బడిలో చదువుకున్నాం, సంతోషించాం. చాదర్‌కు గుర్తింపు ఉంది గానీ దాన్ని నేసిన గోడలకు లేదు.

మా గల్లీ చివర ఒక పాత కార్ఖానా మూతపడి ఉంది. లోపల ఒక మూల గుంట మగ్గం గుంట ఇంకా అట్లనే ఉంది. మిగతా అంతా పవర్‌లూమ్‌లు పెట్టడానికి చదును చేశారు, తర్వాత అవీ పోయాయి. దాన్ని చదువుకునే గది చేస్తే ఎంత బాగుంటుందో! ఇది ఊరికే ముచ్చట కాదు. నేను పదో తరగతి. మా ఇంట్లో ముందు గదిలో మగ్గం ఆడుతుంటుంది, వెనక గదిలో అమ్మ, అవ్వ బీడీలు చుడతారు. రాత్రి మగ్గం ఆగాకే నేను లెక్కలు చేసుకుంటాను. మా గల్లీలో నాలాంటివాళ్ళు పన్నెండు మంది ఉన్నారు, నేను లెక్కపెట్టాను. చాలామంది ఆడపిల్లలే. దూరం పోయి చదువుకోవడానికి ఇంట్లో ఒప్పుకోరు. గల్లీ చివరికైతే ఒప్పుకుంటారు.

ఈ మాట కార్ఖానా యజమానితో అన్నాను. ఆయన మాకు పెదబాపు వరస. కోప్పడలేదు. "రేకులు మార్చాలె, గోడకు బీట పడ్డది, పైసలు ఎవరిస్తరు బిడ్డా? నాకు కూతురి పెండ్లి ఉంది, అమ్ముకుంటే అప్పు తీరుతది" అన్నాడు. నిజమే. గోడను ప్రేమించమని ఆయనకు చెప్పడం నాకు తేలిక, ఎందుకంటే అప్పు నాది కాదు. అట్లాంటి ఇంటిని కాపాడాలంటే ముందు దాని మీదున్న అప్పు సంగతి ఆలోచించాలి. కొనకపోయినా, కొన్నేళ్ళకు కిరాయికి తీసుకోవచ్చు కదా? మన సమాజం పెద్దలు నారళీ పున్నమికి మార్కండేయ స్వామి రథం కోసం ఎంత బాగా కలిసి పనిచేస్తారో మనమే చూస్తున్నాం.

పోయిన ఆదివారం పెదబాపును తాళంచెవి అడిగాను. పరీక్షలయ్యేదాకా ముందు భాగం వాడుకోమన్నాడు, గుంట మీద మాత్రం పలక వేసి మూయమన్నాడు. పలక కోసం బాపు వెతుకుతున్నాడు.