తిన్నడికి సెలవిచ్చిందెవరు?

ధూర్జటి తిన్నడు బోయదొర కొడుకు. పొత్తపినాడు, అంటే మా కడప సీమ వాడే. ఆ వేట వర్ణనను మెచ్చుకున్న విమర్శ నేను చాలా చదివినాను. అక్కడ వేటాడే హక్కు ఎవరిదనే ప్రశ్న మాత్రం వాటిలో కనపడలేదు. దొర కొడుక్కి ఎవరి సెలవూ అక్కర్లేదు.

మా నాయనకు కావల్ల. ఆసామి వాకిట్లో దూరంగా నిలబడి "అయ్యా, శెనక్కాయ సేన్లో ఉచ్చులేసుకుంటాం" అని అడగల్ల. ఆయన తలూపితే వేట, లేకుంటే దొంగతనం. రెండు పడితే ఒకటి ఆయనింటికి. మేం ముట్టిన నీళ్లు పనికిరావు గానీ, మేం పట్టిన చెవులపిల్లి పనికొస్తుంది! పైరును కాపాడింది మేము. ఆయన దాన్ని దయ అన్నాడు. నేను కూలి లేని కావలి అంటాను. చావుకు ఊరికే డప్పు కొట్టేది లేదని మావాళ్లు చెప్పిన యేడు ఆ సెలవు పోయింది.

1972 వన్యప్రాణి చట్టానికి 1991లో సవరణ వచ్చినాక, ఆసామి తలూపినా ఆ వేట నేరమే. జీవాలు బతకాలనే మాటతో నాకు తగాదా లేదు. నా తగాదా సాహిత్యంతో. 1986లో కడప పొదల్లో కలివికోడి మళ్లీ దొరికింది. శాస్త్రజ్ఞులకు దాన్ని పట్టిచ్చింది ఒక పల్లె వేటగాడు. ఆ చూపును విద్య అని మన కథల్లో ఎవరు రాసినారు? కన్ను పీకి శివుడికిచ్చినాడు కాబట్టి తిన్నడు కావ్యానికెక్కినాడు. ఇయ్యకపోయుంటే?

సీమ కథకులారా, కరువు రాయండి, ఫ్యాక్షన్ రాయండి. గట్టు మీద సెలవు కోసం నిలబడ్డోడిని రాయకుంటే ఆ సేను కథ సగమే.